ఎవరూ కట్టని సంత

1999 మార్చిలో ‘ఎవర్‌క్వెస్ట్’ అనే ఆన్‌లైన్ ఆట మొదలైంది. అందులోని లోకం పేరు నోరాత్. రాక్షసులు, మంత్రగాళ్లు, డ్రాగన్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి గానీ, ఆటగాళ్లు తమలో తాము సరుకు అమ్ముకోవడానికి బజారంటూ లేదు. కంప్యూటర్ నడిపే కొట్లు ఉండేవి. అవి ఇచ్చే ధర నామమాత్రం. రాత్రంతా మేలుకుని, పదిమంది కలిసి రాక్షసుణ్ని చంపి తెచ్చుకున్న కత్తిని అక్కడ పారేసుకునే వెర్రివాడెవడు?

ఫ్రీపోర్ట్ పట్టణానికి బయట, ఈస్ట్ కామన్‌లాండ్స్ మైదానం నుంచి ఎడారి వైపు ఒక సొరంగం ఉంది. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని దారి కోసం పెట్టారు. ఆటగాళ్లు దాన్ని అంగడి చేసుకున్నారు. కారణం లేకపోలేదు. నోరాత్‌లో కొన్ని జాతులు చెడ్డవాళ్ల కింద లెక్క. మంచివాళ్ల పట్టణంలో అడుగు పెడితే కాపలావాళ్లు నరికేస్తారు. సొరంగంలో ఆ బాధ లేదు, ఎవరైనా రావచ్చు. సాయంత్రమయ్యేసరికి తెర నిండా కేకలే: ఫలానా కవచం అమ్ముతాను, ఫలానా ఉంగరం కొంటాను, నీ ధర చెప్పు. కొత్తగా వచ్చినవాడి దగ్గర చవగ్గా కొని, నాలుగడుగులు పక్కకు జరిగి రెట్టింపుకు అమ్మే దళారులూ తయారయ్యారు. వాళ్లలో కొందరు రాక్షసుల జోలికి పోవడమే మానేశారు. సొరంగంలో నిలబడటమే వాళ్ల ఆట.

బజారును ముందే గీసి పెట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు. 1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’లో లోకంలోని వనరుల మొత్తాన్ని ఒక లెక్కకు కట్టేశారు. ఉన్నది ఖర్చయితేనే కొత్తది పుడుతుంది. కాగితం మీద చక్కటి ఏర్పాటే. కానీ పనితనం పెంచుకోవడానికి దర్జీలు చొక్కాల మీద చొక్కాలు కుట్టి పెట్టెల్లో కుక్కారు. దాచినవాడు దాచినట్టే ఉంచుకోవడంతో కొత్త సరుకు పుట్టడం ఆగిపోయింది. జనం దేన్నీ పారేయరన్న సంగతి ఆ లెక్కలో లేదు. చివరికి ఆ పద్ధతినే వదిలేశారు.

నోరాత్ సొరంగం కథ మాత్రం విశ్వవిద్యాలయం దాకా పోయింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, ఫుల్లర్టన్‌లో ఆర్థికశాస్త్రం చెప్పే ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా తానూ ఆ ఆటలో దిగాడు. నోరాత్ ప్లాటినం నాణేలను, పాత్రలను జనం ఈబే లాంటి సైట్లలో నిజం డాలర్లకు అమ్ముకుంటున్నారు. ధర ఉంటే లెక్క కట్టవచ్చు కదా అనుకున్నాడు. 2001 డిసెంబరు తేదీతో వచ్చిన ఆయన పత్రం ప్రకారం ఒక ప్లాటినం నాణెం విలువ 0.0107 డాలర్లు, అంటే అప్పటి జపాన్ యెన్ కన్నా ఎక్కువ. తలసరి ఆదాయం 2,266 డాలర్లు. రష్యాకు, బల్గేరియాకు మధ్య ఎక్కడో నిలిచే దేశమన్నమాట. మన దేశం ఆ అంకెకు అప్పట్లో చాలా దూరంలో ఉంది. ఆడుకుంటూ కూర్చున్నవాడు గంటకు సుమారు మూడున్నర డాలర్ల విలువ పుట్టిస్తున్నాడనీ తేల్చాడు.

సొరంగానికి మాత్రం అదే నెలలో కాలం చెల్లింది. కంపెనీ కొత్తగా ‘బజార్’ అనే చోటు కట్టించింది. సరుకు పెట్టి, ధర రాసి, నిద్రపోవచ్చు. బేరం లేదు, కేకలు లేవు. జనం అటు వెళ్లిపోయారు.

ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఐస్‌లాండ్ ఆట. రేక్యవిక్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మేలో ‘ఈవ్ ఆన్‌లైన్’ తెచ్చింది. అంతరిక్షం, వేల నక్షత్ర మండలాలు. ఇందులో తిరిగే ఓడల్లో దాదాపు అన్నీ ఆటగాళ్లు తయారుచేసినవే. ఒకడు గ్రహశకలాలను తవ్వి ట్రిటానియం తీస్తాడు, ఒకడు దాన్ని కొని ఓడ కడతాడు, ఇంకొకడు దాన్ని యుద్ధంలో పోగొట్టుకుంటాడు. పోయిన ఓడ పోయినట్టే. గిరాకీ పుట్టేది అక్కడే. అల్టిమా దర్జీలు నింపిన పెట్టెలు ఇక్కడ ఓడతో పాటే తగలబడతాయి.

ఈవ్‌లోనూ పెద్ద సంత తనంతట తానే వెలిసింది. జీటా అనే మండలంలో నాలుగో గ్రహం, దాని నాలుగో చందమామ దగ్గరున్న స్టేషన్. ఇక్కడ కొన్నంత మాత్రాన సరుకు ఇంటికి రాదు, మోసుకుపోవాలి. దారిలో కాచుకున్నవాళ్లు ఉంటారు. పోలీసులున్న మండలమైనా సరే, చవక ఓడల్లో పాతికమంది ఒక్కసారిగా వచ్చి సరుకు ఓడ మీద పడతారు. పోలీసులు వచ్చి వాళ్లందరినీ పేల్చేస్తారు గానీ, ఆ కొద్ది క్షణాల్లో సరుకు ఓడ తునాతునకలవుతుంది. పక్కనే నక్కి ఉన్న ముఠా మనిషి మిగిలిన సరుకు ఏరుకుని జారుకుంటాడు. పోయిన చవక ఓడల ఖరీదు పెట్టుబడి కింద రాసుకుంటారు. ఇది ఆట నిబంధనలకు లోబడిన వ్యాపారమే.

ధరలు ఇలా ఊగుతుంటే చూసేవాడు కావాలని 2007లో సీసీపీ ఏకంగా ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలో పెట్టుకుంది. పేరు ఎయోల్ఫుర్ గుడ్మున్సన్. ఆయన ధరల సూచీలతో నివేదికలు వేసేవాడు. మరుసటి ఏడాది అక్టోబరులో ఐస్‌లాండ్ అసలు బ్యాంకులే మూడు కుప్పకూలాయి. ఆ దేశపు క్రోనాకూ, ఆటలోని డబ్బుకూ సంకేతం ఒకటే: ఐఎస్‌కే.

ఆటలోని బ్యాంకు వంతు 2009లో వచ్చింది. ఈబ్యాంక్‌ను ఆటగాళ్లే పెట్టి, ఆటగాళ్లే నడిపారు. డిపాజిట్లు తీసుకుని వడ్డీ ఇచ్చేవారు. నమ్మకం తప్ప దానికి వేరే హామీ లేదు. దాన్ని నడుపుతున్న ఆస్ట్రేలియా ఆటగాడు 20,000 కోట్ల ఐఎస్‌కే తీసి, బయట 6,300 ఆస్ట్రేలియా డాలర్లకు అమ్ముకున్నాడు. ఇంటికి కట్టాల్సిన అడ్వాన్సు, కొడుకు వైద్యం ఖర్చు అని తర్వాత చెప్పుకున్నాడు. సంగతి బయటపడగానే డిపాజిటర్లు డబ్బు కోసం ఎగబడ్డారు. చిట్టీలవాడు బోర్డు తిప్పేసిన వీధిలో జరిగేదే అక్కడా జరిగింది. సీసీపీ అతణ్ని బహిష్కరించింది, కానీ దొంగతనానికి కాదు. ఆటలో దొంగతనం తప్పు కాదు. ఆట డబ్బును నిజం డబ్బుకు మార్చినందుకు.

2014 జనవరి 27న ఈవ్‌లో ఒక మండలంపై హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన రుసుము ఎవరూ కట్టలేదు. హక్కు పోయింది, శత్రువులు వచ్చి పడ్డారు. ఇరవై గంటలకు పైగా సాగిన ఆ పోరులో 75 టైటాన్లు, అంటే ఆటలోని అతిపెద్ద ఓడలు, బూడిదయ్యాయి. నష్టం 11 లక్షల కోట్ల ఐఎస్‌కే, నిజం డబ్బులో సుమారు మూడు లక్షల డాలర్లని అంచనా వేశారు. అంత ఇనుమూ మళ్లీ ఎవరో తవ్వాల్సిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఒక బజారు మూతపడటానికి సిద్ధమవుతోంది. ‘డయాబ్లో 3’లో బ్లిజార్డ్ సంస్థ 2012 జూన్‌లో నిజం డబ్బుతో వేలంపాట తెరిచింది. ఆయుధం అమ్ముడైతే కంపెనీకి ఒక డాలర్ కోత. మోసం లేదు, దారిదోపిడీ లేదు, మీట నొక్కితే సరుకు చేతిలో. ఫలితం ఏమిటంటే, రాక్షసుణ్ని చంపి కత్తి గెలుచుకోవడం దండగైపోయింది. కొనేస్తే పోతుంది కదా! ఆ ఆటంతా ఉన్నదే గెలుచుకోవడానికి. నన్నడిగితే సంతను చంపింది ఆ సుఖమే. దూరం, ప్రమాదం, నష్టం తీసేస్తే మిగిలేది ధరల పట్టిక. బ్లిజార్డే తప్పు ఒప్పుకుని 2014 మార్చి 18న వేలంపాట మూసేసింది. వారం తిరిగేసరికి వచ్చిన ‘రీపర్ ఆఫ్ సోల్స్’ భాగంలో మేలురకం ఆయుధాలను గెలిచినవాడి ఖాతాకే కట్టేసింది. వాటిని అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు.