సియెర్రా కొండల టపా మనిషి

మేముండే ఫోల్సమ్‌లో 50వ నంబరు హైవే ఎక్కితే అరగంటలో ప్లాసర్‌విల్ వస్తుంది. సెలవులకు టాహో సరస్సుకు వెళ్ళే తెలుగు కుటుంబాలు ఆ ఊరు దాటే పోతాయి, ఎవరూ ఆగరు. 1856 జనవరిలో జాన్ థాంప్సన్ అనే రైతు వీపున టపా మూట వేసుకుని, కాళ్ళకు స్కీలు కట్టుకుని బయల్దేరింది అక్కడి నుంచే. సియెర్రా నెవాడా కొండలు దాటి అవతల జెనోవాకు 90 మైళ్ళు. పోవడానికి మూడు రోజులు, రావడానికి రెండు. ఆ పని ఆయన దాదాపు 20 శీతాకాలాలు చేశాడు. కాలిఫోర్నియా స్కీయింగ్ అనగానే అందరూ ఇక్కడ జరిగిన 1960 శీతాకాల ఒలింపిక్స్ నుంచి మొదలుపెడతారు. ఈయన నుంచి మొదలుపెట్టాలన్నది నా పట్టుదల.

పుట్టింది 1827లో, నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో. పదేళ్ళప్పుడు అమెరికా వచ్చాడు. చిన్ననాటి జ్ఞాపకంతో ఓక్ చెక్క నుంచి స్కీలు తానే చెక్కుకున్నాడు. పొడవు పదడుగులు, జత బరువు 25 పౌండ్లు. చేతిలో ఒకటే కర్ర. వెంట దుప్పటి కూడా ఉండేది కాదు. కాసిన్ని బిస్కెట్లు, ఎండు మాంసం, దాహమేస్తే మంచే. చీకటి పడితే నక్షత్రాలను బట్టి నడిచేవాడు. ఉత్తరాలతో పాటు మందులు, అచ్చు అక్షరాలు కూడా మోశాడంటారు.

ఆయన దారిలోదే హోప్ వ్యాలీ. నేను స్కీ చేసేది అక్కడే. పసిఫిక్ తేమతో కురిసే మంచు కాబట్టి బరువెక్కువ, ఇక్కడివాళ్ళు దాన్ని సియెర్రా సిమెంట్ అంటారు. పొద్దున గట్టి పెచ్చు, మధ్యాహ్నం మోకాలి దాకా దిగబడే మెత్తదనం, కొండ నీడ పడగానే మళ్ళీ గడ్డ. కారు దిగగానే పిడికెడు తీసుకుని నొక్కి చూస్తాను. పొడిగా రాలిపోతే స్కీల అడుగున నీలం మైనం పూస్తాను. ఉండ కట్టి చేయి తడిస్తే ఎర్ర మైనం. ఒకసారి కరిగి గడ్డకట్టిన గరుకు మంచయితే క్లిస్టర్ అనే జిగురు. కాలు మోపినప్పుడు మంచు పలుకుల మొనలు మైనంలో దిగి పట్టునివ్వాలి, బరువు తీయగానే వదిలి జారనివ్వాలి. కొత్త మంచు మొనలు పదునుగా ఉంటాయి కాబట్టి గట్టి మైనం చాలు. పాతబడి అరిగితే మెత్తది కావాలి. సున్నా డిగ్రీల దగ్గర మాత్రం ఏదీ కుదరదు. చెట్ల నీడలో చక్కగా నడిచిన స్కీకి ఎండలోకి రాగానే మంచు ముద్దలుగా అంటుకుంటుంది. ఈ రంగుల మైనాలు స్విక్స్ అనే కంపెనీ 1940లలో తెచ్చినవి. థాంప్సన్ నాటికి అవేవీ లేవు.

కానీ ఉత్తరాన లా పోర్ట్ బంగారు గనుల దగ్గర మరో విద్య పుట్టింది. మంచు కురిస్తే గనుల పని ఆగిపోయేది, గని కూలీలు పొడుగాటి స్కీలతో పందేలు పెట్టుకునేవాళ్ళు. స్కీల అడుగున పూయడానికి ‘డోప్’ కాచేవాళ్ళు. తిమింగలం తల నుంచి తీసిన మైనం, చెట్టు బంక, కర్పూరం, ఆముదం. మన పూజగదిలోదీ వంటింట్లోదీ ఆ గిన్నెలో కలిశాయని తెలిసినప్పుడు నాకెంత సంబరమేసిందో! పొడి మంచుకొకటి, తడి మంచుకొకటి, పాళ్ళు వేరు. ఎవరి పాళ్ళు వాళ్ళకు రహస్యం. 1874లో టామీ టాడ్ అనే అతను 1,806 అడుగుల వాలును 14 సెకన్లలో దిగాడని రికార్డు. థాంప్సన్ కూడా ఆ పందేలకు వెళ్ళాడు, ఓడిపోయాడు. డోప్ లేదు, తిన్నగా చదును చేసిన వాలులో దూసుకుపోవడం ఆయన పద్ధతీ కాదు. తర్వాత, తోవ లేని కొండ మీద పందానికి రమ్మని ఆయన సవాలు విసిరితే ఎవరూ రాలేదు. ఆ రాకపోవడమే అసలు తీర్పని నా నమ్మకం. కాచిన డోప్ ఒక్క వాలుకు, ఒక్క పూట మంచుకు పనికొస్తుంది. 90 మైళ్ళలో మంచు ఎన్నిసార్లు మారుతుందో ఆ దారిలో నడిచినవాడికే తెలుసు.

అదే దారిలో, 1856 డిసెంబరులో, లేక్ వ్యాలీలోని ఒక గుడిసెలో జేమ్స్ సిసన్ అనే మనిషి పాదాలు గడ్డకట్టి పడి ఉండడం థాంప్సన్ కంటబడింది. కొండ దిగి జెనోవా వెళ్ళాడు, మనుషుల్ని పోగేసి తీసుకొచ్చాడు, మంచు మీద జారే బండిలో లాక్కుని కిందికి దించాడు. పాదాలు తీసేయాలి, క్లోరోఫామ్ లేదన్నాడు డాక్టరు. థాంప్సన్ దాని కోసం మళ్ళీ కొండలు దాటి కాలిఫోర్నియా పోయి తెచ్చాడు. సిసన్ బతికాడు.

టపా మోసిన పనికి జీతం ఇమ్మని థాంప్సన్ వాషింగ్టన్ దాకా వెళ్ళి అడిగాడు. ఇవ్వలేదు. 1876లో చనిపోయాడు. ఈసారి టాహో వెళ్ళినప్పుడు తూర్పు వైపు కొండ దిగి జెనోవా శ్మశానానికి వెళ్ళిరండి, దూరం పెద్దగా ఉండదు. ఆయన సమాధి రాయి మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు స్కీలు చెక్కి ఉంటాయి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి ఆయన కథ చెప్పండి.