చిక్కడపల్లి పరిసరాల్లో పాత పత్రికల వాడుక

సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన నాటి నుంచి హైదరాబాదులో తెలుగు పత్రికల చదువరులు పెరిగేకొద్దీ, చదివేసిన కాగితం చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లలో అలమరా అరల్లో పరుపుగా, పాఠ్యపుస్తకాలకు అట్టగా మారి, మిగిలింది తూకానికి వెళ్లేది. దాన్ని కొన్న కిరాణా వర్తకుడు కాగితాన్ని గరాటులా చుట్టి, అడుగు కొసను మెలిపెట్టి, పప్పు పోసి, పై అంచులను లోపలికి మడిచి, పురికొసతో బిగించి ఇచ్చే పొట్లం ఒక్క గింజనైనా జారనివ్వని అసలైన పనితనం. అయితే బజ్జీలు చుట్టి ఇస్తే వాటి నూనెను పీల్చే ఇదే కాగితం నుంచి అచ్చుసిరాలోని హానికర రసాయనాలు తిండిలో కలుస్తాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించింది; అది ఎంతో అవసరమైన హెచ్చరిక. ఇక చిక్కడపల్లి పక్కనే ఉన్న అశోక్‌నగర్‌లో గ్రూప్స్, అంటే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగ పరీక్షలు, రాసే అభ్యర్థులు పాత పత్రికల్లోని సంపాదకీయాలను కత్తిరించి, అంశాలవారీగా నోటుపుస్తకాల్లో అంటించుకుంటారు.