తోళ్ల బేరగాడు తెచ్చిన మాట

మంట కాస్త ఎగదొయ్యరా అబ్బాయా, చలి కొరుకుతా ఉంది. ఏందీ, సువార్త కూటానికి మైకుసెట్టు చాల్లేదంటావా? మైకు లేని కాలం సంగతి చెబుతా, ఇను.

ఒంగోలుకి పడమట తాళ్లకొండపాడు ఉంది. ఆడ ఎర్రగుంట్ల పేరయ్యని మన మాదిగాయనే. తోళ్ల బేరం చేసేవాడు. ఆ బేరం మీదే ఏలూరు దాకా పోయి, ఆడ ప్రభువు మాట ఇన్నాడు. 1866లో జూయెట్ దొరని మిషనరీ ఉంటే, ఆయన చేత బాప్తీస్మం తీసుకున్నాడు. ఆ ఏడే క్లౌ దొరని ఇంకో మిషనరీ ఒంగోల్లో కాపురం పెట్టాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు పోతే, బాప్తీస్మం తీసుకుంది 28 మంది. వాళ్లకి ముందే చెప్పి పెట్టింది పేరయ్య.

బజారులో నిలబడి అరిచి కాదురా. తోళ్లు కొనేకాడ, చుట్టాల ఇళ్లల్లో, చెప్పులు కుట్టుకునే అరుగుల మీద. చుట్టరికం ఎంత దూరం పోతే మాట అంత దూరం పోయింది.

చేరినోళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానారు. ఆదివారం పనికి రామన్నారు. జాతరకి డప్పు కొట్టం అన్నారు. కొన్ని ఊళ్లలో మోతుబర్లకి కోపమొచ్చి పనులు ఆపేశారు, బావి కాడికి రానీలేదు. ఇంత నష్టపడి ఎందుకు నిలబడ్డారయ్యా అని పక్క పల్లెలోళ్లే వచ్చి అడిగేవాళ్లంట.

తర్వాత ధాత కరువొచ్చె. 1876 మొదలు రెండేళ్లు జనం ఆకలితో మాడిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకి తీసుకుని కూలి పని చూపించాడు. మన బోధకులే మేస్త్రీలు. పొద్దుగూకి పార దించాక అక్కడే ప్రభువు మాటలు. చేరతామని జనం వెంటపడ్డా దొర ఒప్పుకోలా. గంజి కోసం చేరారనే మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తీస్మాలే ఆపేశాడు. పని అయిపోయి కూలి ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది! ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి బాప్తీస్మం ఇచ్చింది దొర కాదు, మన బోధకులు ఆరుగురు.

పేరయ్య తోళ్ల లెక్కలో మోసం చేసుంటే ఆయన మాట ఎవరు ఇనేవాళ్లురా? అందుకని మైకు సంగతి తర్వాత, ముందు నీ చేలో మిరపకాయలు కోసే ఆడోళ్లకి చెప్పిన కూలి చెప్పినట్టు ఇయ్యి. పక్క చేనాయన మొక్కే దేవుణ్ణి ఎగతాళి చెయ్యబాక. ఎవరన్నా అడిగితే తెలిసింది చెప్పు. నమ్మేదీ మానేదీ వాళ్లిష్టం.