శత్రువుకు రాజలాంఛనాలు

యాంగోన్ నదికి ఆవలి ఒడ్డున, మట్టికుండలకు పేరుపడిన ట్వంటే, దాని పొరుగున దలా ఉన్నాయి. ఒకప్పుడు ఈ సీమ మోన్‌ల పెగూ రాజ్యంలోనిది. ఉత్తరాన ఉన్న బర్మీయుల ఆవా రాజ్యానికీ పెగూకూ 1385లో మొదలైన వైరం దాదాపు నలభై ఏళ్ళు సాగింది.

1415లో దలా వద్ద ఆవా యువరాజు మిన్యే చౌస్వా గజారూఢుడై పోరాడుతూ, తీవ్రంగా గాయపడి శత్రువులకు చిక్కాడు. వయస్సు 24. పెగూ రాజు రాజాధిరాజ్ చికిత్సకు పూనుకోగా అతడు నిరాకరించి మరణించాడని కథనం. రాజు అతనికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు. రోగి నిరాకరణ ముందు వైద్యుడి నిస్సహాయత ఎరిగినవాణ్ణి గనుక, ఆ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఈ యుద్ధగాథను చెప్పే గ్రంథం 'రాజాధిరాజ్ అయేదోబోన్'. మోన్ మూలాన్ని బర్మీస్‌లోకి తెచ్చినవాడు 16వ శతాబ్దిలో బర్మీయ చక్రవర్తి బయిన్నౌంగ్ కొలువులోని మోన్ మంత్రి బిన్యా దలా. పలనాటి బాలచంద్రుణ్ణి తలచుకొని పాడుకున్నది మనవాళ్ళే. మిన్యే చౌస్వా శౌర్యాన్ని మాత్రం అతడు ఎదిరించిన రాజు పేరిట వెలసిన గ్రంథమే భద్రపరచింది. శత్రువును చిన్నబుచ్చని చరిత్రను నమ్మాలనిపిస్తుంది.