బ్రాందీ సీసా మీద నాలుగక్షరాలు

తమిళనాడులోని కంబం లోయలో ద్రాక్ష ఏడాది పొడవునా కోతకొస్తూనే ఉంటుంది. 1895లో కట్టిన ముల్లైపెరియార్ ఆనకట్ట నీరు పారే తేని జిల్లా ఊళ్లివి. ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే కమ్మవారు, కంబళత్తు నాయకర్లు తరతరాలుగా ఉంటున్న ప్రాంతం. ఇక్కడి పన్నీర్ ద్రాక్షను 1832లో ఒక ఫ్రెంచి పాదిరి తమిళదేశానికి తెచ్చాడని చెబుతారు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి ఇదే జిల్లాలో టాస్మాక్ అనే ప్రభుత్వ మద్యం కొట్లో చవకగా అమ్మే బ్రాందీలో ద్రాక్ష పాలెంత?

చాలా తక్కువ. మన ఆహార ప్రమాణాల ప్రకారం బ్లెండెడ్ బ్రాందీలో అసలు ద్రాక్ష బ్రాందీ 2 శాతం ఉంటే చాలు. మిగతాది ఎక్కువగా మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దానికి రంగూ వాసనా కలుపుతారు.

ఇక సీసా మీద వీఎస్‌ఓపీ వంటి అక్షరాలతో కనిపించే గ్రేడ్ల కథ ఫ్రాన్సులోని కోన్యాక్‌ది. అక్కడ పుల్లటి తెల్లద్రాక్ష వైన్‌ను రాగి బట్టీలో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో నిలవబెడతారు. 1817లో ఇంగ్లండు యువరాజు, తరవాతి నాలుగో జార్జి, హెనెసీ కంపెనీని శ్రేష్ఠమైన, పాతదైన, లేత రంగు బ్రాందీ కావాలని అడిగాడట. వెరీ సుపీరియర్ ఓల్డ్ పేల్ అన్న ఆ కోరికే వీఎస్‌ఓపీ అయింది. నేటి కోన్యాక్ చట్టంలో మిశ్రమంలోని అన్నిటికన్నా తక్కువ వయసున్న బ్రాందీకి కూడా వీఎస్ అంటే 2 ఏళ్లు, వీఎస్‌ఓపీ అంటే 4 ఏళ్లు నిండాలి. వీటికి పై గ్రేడైన ఎక్స్‌ఓకు 2018 దాకా 6 ఏళ్లుండేది, ఇప్పుడు 10.

మన చవక సీసా మీద అవే అక్షరాలు కనిపిస్తే ఆ లెక్క వర్తిస్తుందనుకోకూడదు. రుచి చూస్తే తేడా తెలిసిపోతుంది. గ్లాసు దగ్గరికి తేగానే ముందు స్పిరిట్ ఘాటు ముక్కుకు తగులుతుంది, దాని వెనక వనిల్లా ఎసెన్సు వాసన. నోట్లో పంచదార పాకం తీపి, గొంతులో మంట, అంతే. కాసిని నీళ్లు కలిపితే మంట తగ్గుతుంది కానీ ద్రాక్ష వాసన మాత్రం రాదు. పీపాలో ఏళ్లు గడిపిన బ్రాందీలో ఎండుద్రాక్ష, చెక్క, మసాలా వాసనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

రంగు చూసి వయసు కట్టకండి, కారమెల్ ఒక్క పూటలో ముదురు రంగునిస్తుంది. కొనేవారు ముందు వైపు పెద్దక్షరాలు వదిలి, వెనక లేబుల్ చదవాలి. ద్రాక్ష శాతం, పీపాలో గడిపిన ఏళ్లు ప్రతి సీసా మీదా స్పష్టంగా అచ్చువేయించాలని ప్రభుత్వాన్ని అడగాలి.