గంట ఎవరి చెవికి?

అండమాన్‌లోని మిన్నీ బే నుంచి సెల్యులార్ జైలు ఎంతో దూరం లేదు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనే రెండూ ఉన్నాయి. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన ఆ జైలును బర్మా నుంచి తెచ్చిన ఇటుకలతో కట్టారు. మూడంతస్తుల బారకాసులు ఏడు, వాటి నడుమ కాపలా బురుజు, ఆ బురుజులో ఒక పెద్ద గంట. ప్రమాదం అనిపిస్తే కాపలావాడు ఆ గంట కొట్టాలి.

రంపలో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి అక్కడి గదుల్లో బతుకు వెళ్లదీసినవాళ్లే. 690కి పైగా ఉన్న ఆ ఒంటరి గదుల్లో దేనికీ గడియ లోపలివాడి చేతికి అందదు. తలుపుకు ఎడంగా, బయటి గోడలో తొలిచిన గూట్లో ఉంటుంది. గంట మోగితే ఖైదీకి వినపడుతుంది, కానీ కదలడానికి దారి లేదు. ఆ గంటను జైలు సిబ్బంది చెవి కోసం కట్టారు. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం లోపల ఉన్నవాడికి.

ఫైర్ అలారంల చరిత్ర తిరగేస్తుంటే నాకు పదే పదే ఈ గంటే గుర్తుకొచ్చింది. ఎందుకంటే ఆ చరిత్రలో చాలాకాలం హెచ్చరిక అందుకున్నవాడు ఒకడు, కాలిపోయినవాడు ఇంకొకడు.

1852 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరం వీధుల్లో ఇనుప పెట్టెలు బిగించి, వాటిని టెలిగ్రాఫ్ తీగలతో కలిపింది. విలియం చానింగ్ అనే వైద్యుడి ఆలోచన అది, దానికి రూపమిచ్చింది మోజెస్ ఫార్మర్. వీధిలో ఎవరో మంట చూసి పెట్టె మీట తిప్పితే ఆ పెట్టె నంబరు కేంద్రానికి చేరేది. అక్కణ్ణుంచి నగరమంతా గంటలు ఆ పేట నంబరు కొట్టేవి. నిప్పు ఏ పేటలో ఉందో అగ్నిమాపక దళానికి తెలిసిపోయేది. గొప్ప ముందడుగే. కానీ కాలుతున్న ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకు ఆ వ్యవస్థలో చోటు లేదు. వీధిలో ఒకడు మేలుకుని ఉండాలి, వాడి కంట మంట పడాలి, అప్పుడే అంతా కదులుతుంది.

మనిషి చూడకుండా పరికరమే పసిగట్టాలన్న ప్రయత్నాలు ఆ తర్వాత వచ్చాయి. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆప్టన్ 1890లో మరొకరితో కలిసి విద్యుత్ ఫైర్ అలారంకు పేటెంట్ తీసుకున్నాడు. 1902లో బర్మింగ్‌హామ్‌లో జార్జ్ డార్బీ వేడికి స్పందించే పరికరానికి పేటెంట్ పొందాడు. ఇవి వేడిని కనిపెట్టేవి. కానీ నిద్రలో ఉన్నవాణ్ణి మంట కంటే ముందు పొగ చంపుతుంది. గది వేడెక్కేసరికి ఊపిరితిత్తులు నిండిపోతాయి.

పొగను పట్టే పరికరం దాదాపు అనుకోకుండా దొరికింది. 1930లలో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ విషవాయువును గుర్తించే యంత్రం కోసం తంటాలు పడుతున్నాడు. వాయువు పంపితే యంత్రంలో చలనం లేదు. విసిగి సిగరెట్ ముట్టించుకున్నాడు. ఆ పొగ తగలగానే మీటరు ముల్లు కదిలింది. అయనీకరణ డిటెక్టరుకు బీజం అదే. అమెరీషియం అనే రేడియోధార్మిక లోహం గాలిని అయనీకరించి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని నడుపుతుంది, పొగ వచ్చి దాన్ని తగ్గిస్తే అలారం మోగుతుంది. బ్యాటరీతో నడిచే చవక పరికరాలు ఇళ్ల పైకప్పులకు చేరింది మాత్రం 1960ల తర్వాతే. హెచ్చరిక పడకగదికి చేరడానికి బోస్టన్ నుంచి వందేళ్లకు పైగా పట్టింది.

మన దగ్గరికి అది ఇంకా సరిగ్గా చేరలేదు.

2011 డిసెంబరు 9, కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రి. తెల్లవారకముందే నేలమాళిగలో మొదలైన పొగ పై అంతస్తుల్లోని రోగులను పొట్టన పెట్టుకుంది. సుమారు 90 మంది పోయారు. ఫైర్ సర్వీసుకు కబురు చాలా ఆలస్యంగా వెళ్లింది. 2020 ఆగస్టు 9, విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్. అప్పుడది కోవిడ్ కేంద్రం. మంట కింద పుట్టింది, పొగ మెట్ల మీదుగా పైకి పాకింది, 10 మంది మరణించారు. 2025 మే 18, హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్. కింద దుకాణాలు, పైన కాపురం. ఆదివారం పొద్దున్నే ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. పైకీ కిందకీ ఇరుకైన మెట్లదారి ఒక్కటే.

ఈ మూడూ వేకువనో, వేకువకు కాస్త అటూ ఇటుగానో జరిగినవి. మూడింట్లోనూ నిప్పు కింద, మనుషులు పైన. అందుకే అలారం కొనేవాడు ముందు అడగాల్సింది ధర గురించి కాదు. కింద నిప్పు పుడితే పైన పడుకున్నవాడికి ఎంతసేపట్లో తెలుస్తుంది? దీనికి జవాబు చెప్పలేని వ్యవస్థ ఎంత ఖరీదైనదైనా అగ్నిమాపక శాఖ అనుమతి (ఎన్‌ఓసీ) ఫైలులో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

కింద దుకాణం, పైన ఇల్లు ఉన్నవాళ్లకు డిటెక్టర్లన్నిటినీ ఒకచోట నుంచి చూసే పెద్ద ప్యానెల్ అక్కర్లేదు. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన పొగ అలారంలు చాలు. దుకాణంలో ఒకటి, మెట్ల దారిలో ఒకటి, ప్రతి పడకగదిలో ఒకటి. ఎత్తు తక్కువ ఇళ్లను మన నిబంధనలు పెద్దగా పట్టించుకోవు కాబట్టి ఈ పని ఇంటివాళ్లే చేసుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేట్టయితే ఇదే గుర్తుంచుకోండి.

అపార్ట్‌మెంట్, హోటల్, ఆసుపత్రి అయితే లెక్క వేరు. పాత తరహా ప్యానెల్ భవనాన్ని జోన్లుగా విడగొట్టి, ‘మూడో అంతస్తులో ఏదో ఉంది’ అని మాత్రం చెబుతుంది. అడ్రసబుల్ ప్యానెల్‌లో ప్రతి డిటెక్టరుకూ ఒక చిరునామా ఉంటుంది, 312 గదిలో పొగ అని నేరుగా చూపిస్తుంది. తీగ చుట్టు తిరిగి ప్యానెల్‌కే వస్తుంది కనుక ఒకచోట తెగినా రెండో వైపు నుంచి పని సాగుతుంది. చిన్న బడికీ, నాలుగు గదుల లాడ్జికీ మొదటి రకం సరిపోతుంది. గదులు పదుల్లో ఉండి, రాత్రి కాపలా ఒక్కడే ఉన్నచోట రెండోదానికి పెట్టే డబ్బు వృథా కాదు. గది గది తట్టి వెతికే నిమిషాలు మిగులుతాయి.

డిటెక్టరు ఏ గదికి ఏది అన్నచోటే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. వంటింట్లో పొగ డిటెక్టరు పెడితే పోపు వేసిన ప్రతిసారీ కూస్తుంది. పూజగదిలో సాంబ్రాణికీ అంతే. వారం తిరక్కుండా ఎవరో దాని బ్యాటరీ పీకేస్తారు. అక్కడ వేడి డిటెక్టరు ఉండాలి. సుమారు 57 డిగ్రీలు దాటినప్పుడో, వేడి ఒక్కసారిగా పెరిగినప్పుడో మోగేది. పరుపు, దూది, వైర్ల తొడుగులు మెల్లగా రాజుకునే పడకగదులకు కాంతితో పనిచేసే ఆప్టికల్ రకం మంచిది. పోర్ట్ బ్లెయిర్‌లోని 1883 నాటి చాథమ్ సామిల్లు లాంటి చోట పొట్టు ధూళి పొగ డిటెక్టరును రోజూ మోసం చేస్తుంది.

మోత గురించి కూడా కచ్చితంగా ఉండాలి. పడుకున్నవాడి తలగడ దగ్గర 75 డెసిబెల్స్ ఉండాలన్నది సాధారణంగా పాటించే ప్రమాణం. వరండాలో ఒక హూటర్ తగిలిస్తే, తలుపు మూసి ఏసీ వేసుకున్న గదిలోకి అంత మోత రాదు. గాఢనిద్రలో ఉన్న పిల్లలు కీచు శబ్దానికి లేవకపోవచ్చు. అందుకే అమెరికా ప్రమాణాలు నిద్రించే గదుల్లో 520 హెర్ట్జ్ మంద్ర స్వరాన్ని కోరుతున్నాయి. చెవిటివారికి వెలుగు జిగేల్మనే దీపం కావాలి.

ఇక మొదట్లో చెప్పిన మిన్నీ బే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి 100 మందిలో 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలకు పక్కనున్న జంగ్లీఘాట్ పెద్ద ఆశ్రయం. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఏడాది పొడవునా ఉప్పుగాలి. డిటెక్టరు అడుగు పలకల్లో, హూటర్ల తీగ చివర్లలో తుప్పు త్వరగా పడుతుంది, తేమ లోపల చేరి తప్పుడు మోతలు మొదలవుతాయి. ప్రధాన భూభాగం గ్రిడ్‌తో సంబంధం లేక కరెంటు ఎక్కువగా డీజిల్ మీద నడుస్తుంది. కాబట్టి ప్యానెల్ బ్యాటరీ కనీసం 24 గంటలు నిలబెట్టి, ఆపైన అరగంట మోతకు సరిపడా ఉందో లేదో చూసుకోవాలి. భూకంపాల ముప్పు తీవ్రంగా ఉన్న ప్రాంతం కూడా కనుక తీగల బిగింపులు వదులవ్వకుండా కనిపెట్టాలి.

విశాఖ నుంచి ఓడలో విడిభాగం రావడానికి రెండు రోజులకు పైగా పడుతుంది, అదీ ఓడ ఉన్న వారంలో. అందుకని ఇక్కడ కొనేవాళ్లు కొత్త ఫీచర్ల కంటే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగాలి. ఈ మోడల్ డిటెక్టర్లు, బ్యాటరీలు ఊళ్లోనే దొరుకుతాయా? బాగు చేయగల మనిషి దీవిలోనే ఉంటాడా? ఉంటాడంటే, డబ్బు కట్టేముందు ఒక రాత్రి గదుల తలుపులన్నీ మూయించి, అట్టడుగు అంతస్తులో గోడ మీది ఎర్ర అలారం పెట్టె గాజు నొక్కించి, చిట్టచివరి గదిలో పడుకుని వినాలి.