అద్దె యిల్లు - చట్టముల చరిత్ర

హౌరా స్టేషను విడిచి బర్ధమాను మార్గమున పోవు బండికి మొదటి మజిలీ లిలువా. 1900లో ఈస్టిండియన్ రైల్వేవారి పెట్టెల, వాగనుల కర్మాగారము ఇచటికి తరలి వచ్చినది మొదలు ఇది ఉద్యోగస్థుల ఊరైనది. క్వార్టరు దొరకని సంసారికి ఇచట మొదటి చింత ఇంటి అద్దెయే. ఆ చింతనుండి పుట్టిన చట్టముల కథ మన సభ్యులకు ఉపకరించునని తలచి సంగ్రహముగ వ్రాయుచున్నాను.

పూర్వము దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. వేరు ఒడంబడిక లేనిచో, నెలసరి అద్దెకున్నవానికి పదునైదు దినముల నోటీసిచ్చిన చాలును, కారణము చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము అద్దెలు మిన్నంటగా 1920లో కలకత్తా అద్దె చట్టము వచ్చినది. న్యాయమైన అద్దెను నిర్ణయించుటకు కంట్రోలరను అధికారి ఏర్పడెను. అది తాత్కాలిక శాసనమగుటచే కొన్నేండ్లకే ముగిసినది. రెండవ యుద్ధకాలమున, 1943లో, మరల నియంత్రణ తప్పలేదు. 1947 విభజనానంతరము తూర్పు బెంగాలునుండి శరణార్థులు వెల్లువగా రాగా, 1948లోను 1950లోను మరి రెండు తాత్కాలిక చట్టములు వెలువడెను. తుదకు 1956లో పశ్చిమ బెంగాలు ఇండ్ల అద్దె చట్టము స్థిరరూపము దాల్చినది.

దీని సారమిది: ఖాళీ చేయించుటకు యజమాని ఇష్టము చాలదు, చట్టము చెప్పిన కారణము కావలెను. తనకు ఇల్లు నిజముగ అవసరమగుట, వ్రాతపూర్వకమగు అనుమతి లేక అద్దెదారు మరియొకరికి ఇల్లిచ్చుట, అద్దె బకాయిపడుట మున్నగువానిని న్యాయస్థానమున ఋజువు చేయవలెను. ఇల్లు కొని, వెంటనే "నాకు కావలె"నని పాతవారిని వెడలగొట్టుటను అరికట్టుటకు 1969 సవరణ కొన్నవానికి మూడేండ్ల గడువు విధించినది. అది చెల్లునని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

1997లో చేయబడిన కొత్త చట్టము 2001 జూలై 10నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము పండ్రెండు నెలలలో రెండు నెలల బకాయి దావాకు చాలెడిది. ఇప్పుడు మూడు నెలలు. కాని వేరొక విషయమున కొత్త చట్టము కఠినమైనది. అద్దెదారు మరణించినచో, అతనిపై ఆధారపడి వెంట నివసించిన బిడ్డలకు ఐదేండ్లవరకే హక్కు. భార్యకు ఈ ఐదేండ్ల పరిమితి లేదు. ఈ సంగతి ఇంటిల్లిపాది ముందుగనే ఎరిగియుండుట మేలు.

యజమాని అద్దె పుచ్చుకొననిచో ఏమి చేయవలెనని పలువురు అడుగుదురు. ఊరకున్నచో దోషము మనదే యగును. 1956 నాటి చట్టమే దారి చూపినది: మనియార్డరు పంపి, అది తిరిగి వచ్చినచో గడువులోగా కంట్రోలరు వద్ద సొమ్ము కట్టవలెను. దావా పడిన పిమ్మటనైనను, సమను అందిన నెలలోగా బకాయి వడ్డీతో చెల్లించువానికి రక్షణ కలదు.

క్వార్టర్లలో నున్నవారు మాత్రము ఈ చట్టములను నమ్ముకొనరాదు. ప్రభుత్వ గృహములకు 1971 నాటి ప్రత్యేక చట్టము వర్తించును. పదవీ విరమణ పిమ్మట గడువు మీరి యుండువారిని ఎస్టేటు అధికారియే విచారించి ఖాళీ చేయింపగలడు.

నూరేండ్ల పోరాటము వలన అద్దెదారునకు లభించిన ఈ రక్షణ నోటిమాటతో నిలువదు. నెలనెల రసీదు అడిగి పుచ్చుకొని, ఇల్లాలికి తెలిసిన చోట భద్రపరచినవానికే న్యాయస్థానమున అది అక్కరకు వచ్చును.